చెర వీడి వచ్చువాడు

ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కువారి యుళుల చప్పుడు వినబడు వీధికైనను, ఆత్మకూరు బస్టాండుకైనను, లైంగికహింసకు శిక్ష ననుభవించినవాడు ఒకనాడు తిరిగి రావచ్చును. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ యామోదించిన దిశ బిల్లు అత్యాచారపు కేసులలో 21 పనిదినములలో తీర్పును, మరణదండనను కోరినది. చెర వీడి వచ్చువాడు మరల నట్టి ఘోరమునకు ఒడిగట్టకుండుట యెట్లన్నది వేరు ప్రశ్న.

చికిత్స యను పేరొక్కటే చాలదు. ఇంగ్లండు, వేల్సు చెరసాలలలోని యట్టి చికిత్సా కార్యక్రమమును 2017లో పరిశీలింపగా, పాల్గొన్నవారిలో నూటికి 10 మంది, పాల్గొననివారిలో 8 మంది మరల లైంగికనేరము చేసిరని తేలినది. అప్రియమైన లెక్కయే, కాని దాచరాదు. 1994లో కెనడాలో మొదలైన వేరొక పద్ధతిలో, శిక్షణ పొందిన నలుగురైదుగురు పౌరులు, మరియొక స్త్రీగాని శిశువుగాని బలి కారాదన్న నియమముతో, విడుదలైనవానిని వారము వారము కలిసి, వాని పనిని, త్రాగుడును, ఒంటరితనమును నిర్మొగమాటముగా విచారింతురు. వెలి వేయుట మన పల్లె లెరుగును, కాని వాని యరుగుమీద కూర్చుండి, “ఈ వారము ఎక్కడెక్కడ మెలగితివి?” అని యడుగు నలుగురిని నేనింకను చూడలేదు.