గీత పడని గ్రాఫు

గణిత సాఫ్ట్‌వేర్ మ్యాథమెటికా తొలి వెర్షన్ 1988 జూన్ 23న వచ్చింది. స్టీఫెన్ ఉల్‌ఫ్రమ్ బృందం దాన్ని మొదట్నుంచీ రెండు ముక్కలుగా కట్టింది. లెక్క చేసేది కెర్నెల్. తెర మీద మనకు కనిపించే నోట్‌బుక్‌ను నడిపేది ఫ్రంట్ ఎండ్. థియోడోర్ గ్రే చేతిలో రూపుదిద్దుకున్నది అదే. రెండూ వేర్వేరు ప్రోగ్రాములు, ఒకదానితో ఒకటి సందేశాల ద్వారానే మాట్లాడుకుంటాయి. తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ కట్టుబడిలోనే ఉంది.

చాలా ఏళ్లు వాడకం ఒకే తీరుగా సాగింది. సూత్రం రాసి షిఫ్ట్-ఎంటర్ కొడితే గ్రాఫు వచ్చేది, అంకె మారిస్తే మళ్లీ మొదటికొచ్చేది. 2007లో ఆరో వెర్షన్‌తో డైనమిక్, మానిప్యులేట్ అనే ఆజ్ఞలు వచ్చాయి. స్లయిడర్ జరుపుతుంటే గ్రాఫు వెంటనే వంగేది, బాక్సులో కొత్త సూత్రం రాస్తే కొత్త గీత పడేది. గణితం నేర్పేవాళ్లకు ఇంత మేలు చేసిన మార్పులు తక్కువ.

అయితే విద్యార్థి బాక్సులో సైన్ ఎక్స్‌ను తరగతిలో రాసినట్టే చిన్న అక్షరాలతో, గుండ్రటి బ్రాకెట్లు పెట్టి రాస్తాడు. అడ్డగీత, నిలువుగీత తప్ప గ్రాఫులో ఏమీ ఉండదు. మ్యాథమెటికాలో సైన్ ప్రమేయం పెద్దక్షరంతో మొదలవ్వాలి, దాని పక్కన చదరపు బ్రాకెట్లు ఉండాలి. పేరు పక్కన గుండ్రటి బ్రాకెట్లు వస్తే అది గుణకారమే కాబట్టి, కెర్నెల్ ఆ పిల్లవాడి సూత్రాన్ని విలువ తెలియని ఏదో రాశిని ఎక్స్‌తో గుణించమన్నట్టు చదువుకుంటుంది. విలువ తేలక గీత పడదు. చాలా వెర్షన్లలో ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. ఈ మౌనం నా దృష్టిలో పెద్ద లోపం, ఎందుకంటే ఖాళీ గ్రాఫు చూసిన పిల్లవాడు లెక్క తనకే రాలేదనుకుంటాడు. ఆ సూత్రాన్నే నోట్‌బుక్‌లోని మామూలు సెల్‌లో టైపు చేస్తే సంగతి బయటపడుతుంది: కెర్నెల్‌కు తెలిసిన పేర్లు నల్లగా, తెలియనివి నీలంగా కనిపిస్తాయి.

దీనికన్నా లోతైన చిక్కు ఇంకొకటుంది. స్లయిడర్‌కు ‘ఎ’ అని పేరు పెట్టి, బాక్సులో ‘ఎ’తో గుణించిన సైన్ సూత్రాన్ని సరిగ్గానే రాసినా గీత రాదు. మానిప్యులేట్ తన స్లయిడర్ ‘ఎ’ను బయటి పేర్లతో కలవకుండా లోపల మరో పేరుతో దాచుకుంటుంది, బాక్సులో టైపు చేసిందేమో బయటి ‘ఎ’. కంటికి రెండూ ఒకటే అక్షరం, కెర్నెల్‌కు మాత్రం సంబంధం లేని రెండు పేర్లు. ఆ దాపరికాన్ని ఆపే లోకలైజ్ వేరియబుల్స్ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే రెండూ కలుస్తాయి.

మిగతావి తేలికే. బాక్సులో ఎంటర్ కొట్టేదాకా కొత్త విలువ కెర్నెల్‌కు అందదు. మామూలు అమరికలో లెక్క ఆరు సెకన్లు దాటితే ఫ్రంట్ ఎండ్ దాన్ని ఆపేసి, గ్రాఫు చోట ‘అబార్టెడ్’ అని చూపిస్తుంది.

సొంత కంప్యూటర్‌లో చక్కగా ఆడిన ఫైలు తరగతిలో తెరవగానే గులాబీ రంగు పెట్టెగా మారడం కూడా ఉంది. సూత్రానికి కావలసిన నిర్వచనాలు ఇంట్లోని కెర్నెల్ జ్ఞాపకంలోనే ఉండిపోయి ఉంటాయి. సేవ్ డెఫినిషన్స్ ఆప్షన్ పెడితే అవి ఫైలుతోపాటే ప్రయాణిస్తాయి. పాఠానికి ముందు రోజే కెర్నెల్‌ను పూర్తిగా మూసి, కొత్త కెర్నెల్‌లో ఆ ఫైలు తెరిచి చూస్తే ఈ లోపం ఇంట్లోనే దొరికిపోతుంది.