చెరకు తోట పోయాక వాన నీరు ఎటు పోతుంది?

మారిషస్‌లో తెలుగువారిని పాత రోజుల్లో ‘కోరంగి’ అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. అక్కడ ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు కాబట్టి ఆ పేరు వచ్చింది. మీ ఇంట్లో తాతయ్యో నానమ్మో ఈ మాట అనగా మీరు వినే ఉంటారు. అలా వచ్చిన కూలీలు ఇక్కడి పొలాల్లో నల్లరాళ్ళు ఏరి గుట్టలు పోశారు, చెరకు నాటారు. ఆ రాళ్ళ గుట్టలు కొన్ని ఇప్పటికీ తోటల మధ్య నిలబడి ఉన్నాయి. ఈసారి బస్సులోంచి వాటిని చూసినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ తోట పోయి ఇక్కడ ఇళ్ళు వస్తే, వాన నీరు ఎటు పోతుంది?

తోట నుంచి సిమెంటుకు

చెరకు కూడా ఈ దీవి అడవిని కొట్టివేసి పెంచిన పంటే. దీవికి సొంతమైన అడవి, మంచి స్థితిలో ఉన్నది, ఇవాళ 2 శాతం కూడా లేదు. అయినా చెరకులో ఒక మంచి గుణం ఉంది. దాని వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. ఎండుటాకు నేలను కప్పుతుంది. వాన నీరు మెల్లగా భూమిలోకి ఇంకుతుంది. సిమెంటుకు, తారుకు ఆ గుణం లేదు. వాటి మీద పడిన చుక్క పడినట్టే పల్లానికి పరుగెత్తుతుంది.

మరి తోటలు ఎందుకు పోతున్నాయి? యూరప్ దేశాలు మన చక్కెరకు ఇచ్చే హామీ ధరను 2009 నాటికి 36 శాతం తగ్గించాయి. ఒకటి రెండు ఆర్పాఁల భూమి ఉన్న చిన్న రైతుకు చెరకు గిట్టుబాటు కాలేదు. అదే కాలంలో, 2002లో, విదేశీయులు విల్లాలు కొనుక్కునే పథకం వచ్చింది. 2015లో ‘స్మార్ట్ సిటీ’ పథకం వచ్చింది. తోటలు ముక్కలై మోర్సెల్మాఁలు అయ్యాయి. 2000 ప్రాంతంలో ఉన్న చెరకు భూమిలో ఇప్పుడు మిగిలింది దాదాపు సగమే. అమ్మిన రైతును తప్పు పట్టలేం. పిల్లల చదువుకు, ఇంటికి డబ్బు కావాలి కదా. కానీ భూమి చేతులు మారినప్పుడు నీటి దారి గురించి ఎవరు అడిగారు?

2013 మార్చి 30

ఆ ఏడాది ఉగాదికి ఇంకా పన్నెండు రోజులు ఉంది. ఆ శనివారం పోర్ట్ లూయీలో కుండపోత వాన కురిసింది. పోర్ట్ లూయీకి వెనక కొండలు, ముందు సముద్రం. పూస్ కొండ మీద పడిన నీరు వాగుగా మారి నగరం మధ్యలోంచి రేవుకు పోవాలి. ఆ వాగుకు నగరం ఇరుకు కాలువ మాత్రమే మిగిల్చింది. కొండ వాలు మీద ఇళ్ళు లేచాయి. కాలువల్లో చెత్త పేరుకుంది. నీరు రోడ్డునే తన దారి చేసుకుంది. పదకొండు మంది చనిపోయారు. వారిలో కొందరు కోదాన్ దగ్గర, పెద్ద రోడ్డు కింద నడిచే సొరంగంలో చిక్కుకుపోయారు.

ఆ తర్వాత, 2017లో, కాలువల పని చూడడానికి ప్రభుత్వం ప్రత్యేక సంస్థను పెట్టింది. అయినా 2024 జనవరి 15న బెలాల్ తుఫాను వచ్చినప్పుడు అదే పోర్ట్ లూయీలో కార్లు మళ్ళీ నీటిలో తేలాయి.

ఇందులో వాతావరణ మార్పు పాత్ర ఏమిటి? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన పడినప్పుడు ఒక్కసారిగా, భారీగా పడుతుంది. ఆ నీరు ఇంకకుండా సముద్రంలో కలిసిపోతే, వాన లేని నెలల్లో కుళాయికి నీళ్ళు రావు. వరద వచ్చిన ఊళ్ళోనే నీటి కొరత కూడా ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

సముద్రం వైపు

దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మనకు ప్రహరీ గోడ లాంటిది. అలల బలాన్ని అదే విరుస్తుంది. తీరంలోని తెల్ల ఇసుక కూడా పగడాలు, గవ్వలు అరిగి ఏర్పడినదే. 2001 వరకు ఇళ్ళు కట్టడానికి లగూన్‌లోంచి ఇసుక తవ్వేవారు. ఆ ఏడాది దాన్ని నిషేధించారు. ఇప్పుడు వేడి మరో దెబ్బ కొడుతోంది. వేసవి వేడిని మించి నీరు ఇంకో డిగ్రీ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడాలు రంగు కోల్పోతాయి. వేడి తగ్గకపోతే చనిపోతాయి.

తీరం వెనక ఉండే చిత్తడి నేలలు వాన నీటిని పట్టి ఉంచేవి. గ్రాండ్ బే వంటి చోట్ల వాటిని మట్టితో పూడ్చి భవనాలు కట్టారు. వాన పడితే ఆ నీరు ఇప్పుడు ఇళ్ళలోకే వస్తుంది.

కోరంగి నుంచి ఒక పాఠం

మన పెద్దలు ఓడ ఎక్కిన కోరంగిని 1839లో పెద్ద తుఫాను, ఉప్పెన నాశనం చేశాయి. రేవు మళ్ళీ పూర్వంలా కోలుకోలేదు. ఇవాళ అక్కడ మిగిలింది మడ అడవి. ఉప్పునీటిలో వేళ్ళు దిగేసుకుని పెరిగే చెట్ల అడవి అది. క్రియోల్‌లో మీరు ‘మాంగ్లియే’ అంటారు. అక్కడా ఇక్కడా ఒకే జాతి చెట్టు ఉంది. దాన్ని కోరంగి వైపు ‘ఉప్పు పొన్న’ అంటారు. దాని వేళ్ళు అల వేగాన్ని తగ్గిస్తాయి, మట్టిని ఆపుతాయి, చేపపిల్లలకు చోటిస్తాయి. కాకినాడకు మరో పక్కన జాందానీ చీరలకు పేరుపడిన ఉప్పాడ ఉంది. అక్కడ సముద్రం ఏటేటా తీరాన్ని కోస్తోంది. ఇళ్ళు, రోడ్లు కొట్టుకుపోతున్నాయి.

మీరు ఏం చేయగలరు?

స్థలం కొనే ముందు, వానాకాలంలో ఒకసారి వెళ్ళి చూడండి. నీరు ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో పక్కింటివాళ్ళను అడగండి. పెరడు మొత్తం సిమెంటు చేయకండి. కొంత మట్టి వదిలి, ఒక మామిడి చెట్టో వేప చెట్టో నాటండి.  ఇంటి ముందు కాలువలో చెత్త వేయకండి, వేసేవారిని ఊరుకోకండి.

ఇంకో పని కూడా ఉంది, పిల్లలతో కలిసి చేయండి. ఊరిలో పెద్దవారి దగ్గర కూర్చుని, యాభై ఏళ్ళ కింద నీరు ఎక్కడ పారేదో, ఎక్కడ నిలిచేదో చెప్పించుకుని ఒక పటం గీయండి. దాని మీద వాగు, కాలువ, మడుగు, ఊట అని తెలుగులో రాయండి. తర్వాత ఆ చోట్ల ఇప్పుడు ఏముందో వెళ్ళి చూడండి. ఆ పటాన్ని మీ గ్రామ మండలికి కూడా చూపించండి. కొత్త మోర్సెల్మాఁకు అనుమతి అడిగే రోజున అది పనికొస్తుంది.