మచ్చ ఉంటే నకిలీయేనా? రత్నాలపై అపోహలు – వాస్తవాలు

కెంపు, నీలం వేర్వేరు జాతుల రాళ్లని చాలామంది నమ్మకం. నిజానికి రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి ఏర్పడే ఈ ఖనిజం పూర్తిగా స్వచ్ఛంగా ఉంటే దానికి రంగే ఉండదు. కాస్త క్రోమియం చేరితే కెంపు అవుతుంది. ఇనుము, టైటానియం జతగా చేరితే నీలం. మయన్మార్‌లోని మోగోక్ కెంపుల ఎరుపైనా, కశ్మీర్ నీలాల నీలిమైనా ఈ కలగలుపు చలవే.

ఎర్రగా మెరిసే ప్రతి మేలిరాయీ కెంపే అనుకోవడమూ పొరపాటే. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగాన పొదిగిన ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ అసలు కెంపే కాదు. అది స్పినెల్ అనే వేరే ఖనిజం. అందులో మెగ్నీషియం కూడా ఉంటుంది. రెండింటికీ ఎరుపునిచ్చేది క్రోమియమే, పైగా రెండూ తరచూ ఒకేచోట దొరుకుతాయి. అందుకే శతాబ్దాల పాటు రాజులూ వర్తకులూ తేడా పట్టలేకపోయారు. 1783లో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త రోమే ద లీల్ ఈ రెండూ వేరని తేల్చాడు. పేరు మారినా ఆ రాయి అందం ఇసుమంతైనా తగ్గలేదు.

లోపల గీతలు, మచ్చలు ఉన్న పచ్చ నకిలీదన్న అపోహ కొనేవారికి నేరుగా నష్టం తెస్తుంది. మచ్చలేని పెద్ద పచ్చ అత్యంత అరుదు. అలాంటిది చవగ్గా దొరికితే గాజేమోనని అనుమానించాలి. కొలంబియా పచ్చను సూక్ష్మదర్శిని కింద పెడితే అంచులు రంపపు పళ్లలా ఉన్న చిన్న అర కనిపిస్తుంది. దాని నిండా ఉప్పునీరు, ఆ నీటిలో ఓ గాలిబుడగ, పక్కనే చదరంగా ఓ ఉప్పుపలుకు! రాయి పెరిగే వేళ చిక్కుకున్న ఆ ద్రవం కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది. ఇంతకన్నా అందమైన మచ్చ మరో రత్నంలో కనిపించడం కష్టం. పచ్చల్లోని సన్నని పగుళ్లు కనిపించకుండా నూనె పట్టించడం మాత్రం వ్యాపారంలో మామూలే. అందుకే వాటిని వేడినీళ్లతో కడగకూడదు.

పదునైన అంచులున్న ఖనిజ నమూనాలన్నీ యంత్రంతో కోసినవేనన్నదీ అపోహే. స్పెయిన్‌లోని నవహూన్ గనిలో అద్దంలా మెరిసే పైరైట్ ఘనాలు రాతిలో అలాగే పెరిగాయి. ఇనుము, గంధకం పరమాణువుల అమరికే వాటికి ఆ ఆకారమిచ్చింది.

బొగ్గే వజ్రంగా మారుతుందని బడిపిల్లలు కూడా చెబుతారు. అదీ అపోహే. అనంతపురం జిల్లా వజ్రకరూరులో వజ్రాలను పైకి తెచ్చిన కింబర్లైట్ శిలల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. బొగ్గుగా మారిన చెట్లు నేలమీద మొలిచింది అంతకు ఎంతో కాలం తర్వాత. వజ్రాల్లో అత్యధికం 150 కిలోమీటర్లకు మించిన లోతున పుట్టినవి.

అన్నిటికన్నా చేటు చేసేది సుత్తిదెబ్బకు వజ్రం పగలదన్న మాట. రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే దీన్ని రాసిపెట్టాడు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. కాఠిన్యంలో వజ్రానిది మోస్ కొలమానంపై అత్యధికమైన 10. అయినా దాని స్ఫటికం నాలుగు దిశల్లో సులువుగా చీలుతుంది. సానపట్టేవారు పెద్ద వజ్రాలను విడదీసింది ఆ గుణాన్ని ఆసరా చేసుకునే. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికేవారు దొరికిన రాయిని సుత్తితో పరీక్షించకుండా, రత్నాలు పరీక్షించేవారికే చూపించాలి.