ఇగువానాకు గిన్నెల నీళ్లు సాలవు, గాలిల తేమ కావాలె

రీల్స్ సూసి ఆకుపచ్చ ఇగువానా మీద మనసు పడ్డ తమ్ముళ్లు, చెల్లెండ్లు ఊర్లల్ల గూడ ఉన్నరు. ఏం తింటది, ఎంత ధర అని అడుగుతరు. గాలి సంగతి అడగరు. అమ్మేటోడు తనంతట తాను చెప్పడు. కానీ దాని పానం ఆ గాలిలనే ఉన్నది.

ఇగువానా సొంత జాగ మధ్య అమెరికా, దక్షిణ అమెరికాల వాన అడవులు. పెంచే పెట్టెల గూడ గాలి తేమ 70 శాతం సుట్టుముట్టు ఉండాలె. మన తెలంగాణల మే నెల పగటిపూట అది 30 శాతం కిందికి గూడ పడిపోతది. ఆపైన పెట్టెల వేడి బల్బు! వేడి గాలికి ఎక్కువ ఆవిరి పట్టుకునే తాకత్ ఉంటది. అందుకే ఉన్న ఆవిరి అంతే ఉన్నా, బల్బు ఎలగంగనే తేమ శాతం దిగుతది. ఆరేసిన అప్పడాలు ఎండకాలం ఎందుకు జల్ది ఎండుతయో గిదీ అంతే.

పొడిగాలిల ఏమైతది? ఇగువానా గిన్నెల నీళ్లు తక్కువ తాగుతది. తినే ఆకుల నుంచి, ఆకుల మీది సుక్కల నుంచే ఎక్కువ తెచ్చుకుంటది. ఒంట్లె నీళ్లు తగ్గితే కిడ్నీలు మెల్లమెల్లగ పాడైతయ్, మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతది. ఊడాల్సిన పాత తోలు వేళ్లకు, తోక కొసకు ఉంగరం లెక్క బిగుసుకుంటది. నెత్తురు ఆడక వేలు ఎండి రాలిపోతది. ఆ తోలును చేతితోని గుంజొద్దు. గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టి మెత్తబడనియ్యాలె.

అట్లని పెట్టెకు పాలిథిన్ సుట్టి తడితడి చెయ్యొద్దు. గాలి ఆడకపోతే బూజు పడ్తది, ఊపిరితిత్తులకు రోగమొస్తది. తేమ కొలిచే మీటరు ఒకటి బల్బు దిక్కు, ఒకటి సల్లని దిక్కు పెట్టుండ్రి. ఎండకాలం దినాం రెండు మూడు సార్లు సన్నగ నీళ్లు పిచికారి కొట్టి, నడుమ ఆరనియ్యాలె. వెడల్పు టబ్బుల నీళ్లు, విషం లేని పచ్చని మొక్కలు పెడితే తేమ నిలుస్తది. వానకాలం మీటరు సూసి పిచికారి తగ్గించాలె.

కానూను గూడ ఎరుకుండాలె. ఇగువానా లాంటి విదేశీ జీవాలను 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్ల నమోదు చెయ్యాలె. మన నక్షత్ర తాబేలు, ఉడుము అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ల ఉన్నయ్. ఇంట్ల పెట్టుకుంటే జైలే.

కొనకముందు ఒక్క పని చెయ్యిండ్రి. ఖాళీ పెట్టెల బల్బు ఎలిగించి, మీటరు పెట్టి, ఎండకాలం వారం రోజులు సూడుండ్రి. కరెంటు పోయినా, మీరు పొలం పోయినా తేమ నిలవాలె. ఈ పిల్ల రేపు ఐదడుగులు పెరుగుతది, అప్పుడు గదంత పెట్టెల గూడ గట్లనే నిలవాలె. నిలబెట్టలేమనిపిస్తే తేవద్దు. మాట చెప్పరాని జీవి వేళ్లు రాలగొట్టి రీల్ చేసుడు ఏం సోకు?