పుల్ల మజ్జిగతో ఐరిష్‌ రొట్టె

మైసూర్‌ బజ్జీకి పిండి కలిపేటప్పుడు పుల్ల పెరుగులో వంటసోడా పడగానే బుసబుసమని నురగ రావడం మీరు చూసే ఉంటారు. ఆ నురగనే నమ్ముకుని ఐర్లండ్‌ వాళ్లు దాదాపు రెండు వందల ఏళ్లుగా రొట్టె కాల్చుకుంటున్నారు. ఈస్ట్‌ లేదు. పిండి పులిసేదాకా కాచుక్కూర్చునే పని లేదు. నూనె చుక్క కూడా అక్కర్లేదు. గోధుమ పిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ.. అసలు సిసలు సోడా బ్రెడ్‌లో ఉండేవి ఈ నాలుగే.

డబ్లిన్‌లో చదువుకునే పిల్లలున్న ఇళ్లకు దీని సంగతి ఫోన్లలో ఎప్పుడో చేరి ఉంటుంది. ఇంట్లో చిన్న ఓవెన్‌ ఉన్నవాళ్లు ఇప్పుడిప్పుడే ప్రయత్నిస్తున్నారు. ‘ఈస్ట్‌ లేదు, పంచదార లేదు, కాబట్టి ఎంత తిన్నా ఏం కాదు’ అన్న మాట కూడా రొట్టెతో పాటే ప్రచారంలోకి వచ్చేసింది. ఇంట్లో చేసుకుంటే అందులో ఏమేం వేశామో మనకు తెలుస్తుంది, ఆ మేరకు మంచిదే. కానీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునేవాళ్లుంటే ఇది రోజూ పొద్దుటి టిఫిన్‌ అయ్యేలోపు ఒక చెంచా కొలత గురించి మాట్లాడుకోవాలి.

మూత మీద నిప్పులు

ముందు ఈ రొట్టె ఎందుకు పుట్టిందో చూడండి. ఐర్లండ్‌లో చలి, తేమ ఎక్కువ. ఆ వాతావరణంలో పండే గోధుమ మెత్తటి రకం. పిండికి సాగే గుణాన్నిచ్చే గ్లూటెన్‌ అందులో తక్కువ. ఈస్ట్‌ వేసిన రొట్టె పొంగి నిలబడాలంటే గ్లూటెన్‌ గట్టిగా ఉండాలి. సోడా పొంగుకు ఆ బలం అక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వంటసోడా చవగ్గా దొరకడం మొదలై, 1830, 40 దశకాల్లో అక్కడి పల్లెలకు చేరింది. పాడి ఉన్న ఇళ్లలో వెన్న తీశాక మిగిలిన పుల్ల మజ్జిగ ఎలాగూ ఉండేది. రెండూ కలిశాయి.

చాలా ఇళ్లలో ఓవెన్‌ లేదు. చిత్తడి నేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన పీట్‌ గడ్డలే పొయ్యిలో ఇంధనం. ఆ మంట మీద మూడు కాళ్ల ఇనుప పాత్రలో పిండి ముద్ద పెట్టి, మూత వేసి, మూత మీదా నిప్పులు పరిచేవారు. దీన్ని బాస్టిబుల్‌ అంటారు. దమ్‌ బిర్యానీ గిన్నె మూత మీద నిప్పులు వేయడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఉత్తరాన అల్‌స్టర్‌ ప్రాంతంలో పాత్ర కూడా వాడరు. పిండిని మందంగా, గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలు చేసి పెనం మీదే కాలుస్తారు. ఆ ముక్కల పేరు ఫార్ల్‌. నాలుగో వంతు అని అర్థమిచ్చే పాత మాట నుంచి వచ్చింది.

గుండ్రటి రొట్టె మీద కత్తితో కూడిక గుర్తులా లోతుగా గాటు పెట్టడం రివాజు. ఫెయిరీలు అనే చిట్టి మాయావులు బయటికి పోవడానికని అక్కడి పెద్దవాళ్లు పిల్లలకు చెబుతారు. గాటు పెడితే వేడి మధ్యదాకా అంది, లోపల పచ్చిగా ఉండకుండా కాలుతుందన్నది వంటింటి కారణం. మార్చి 17న సెయింట్‌ పాట్రిక్స్‌ డే నాడు అమెరికాలో ఎండుద్రాక్ష, పంచదార, వెన్న వేసి చేసే రొట్టెకూ ఇదే పేరు పెట్టారు. అది రుచిగానే ఉంటుంది కానీ రొట్టె కన్నా కేకుకే దగ్గర. ఐర్లండ్‌లో ఎండుద్రాక్ష వేస్తే దాన్ని ‘మచ్చల కుక్క’ అని వేరే ముద్దుపేరుతో పిలుస్తారు.

సోడా ఎక్కువైతే

వంటసోడా క్షారం, మజ్జిగలోని లాక్టిక్‌ ఆమ్లం పులుపు. రెండూ కలిస్తే కార్బన్‌ డయాక్సైడ్‌ బుడగలు పుడతాయి. అవి చిక్కుకున్న పిండి వేడికి గట్టిపడి గుల్లగా తయారవుతుంది. ఈ పని కలిపిన క్షణం నుంచే మొదలవుతుంది. అందుకే కలిపిన పిండిని పక్కన పెట్టకూడదు.

ఇందులో మనవాళ్లు తప్పు చేసేది సోడా దగ్గరే. సుమారు 240 మిల్లీలీటర్ల కప్పు పుల్ల మజ్జిగలోని పులుపు అర టీస్పూన్‌ సోడాకు సరిపోతుంది. ఇంకా వేస్తే ఆ అదనపు సోడా విరగదు, రొట్టెలోనే మిగిలిపోతుంది. మొదటిసారి నేను ‘కాస్త ఎక్కువైతే ఇంకా పొంగుతుందిలే’ అనుకుని రెండు చెంచాలు వేశాను. కోసి చూస్తే లోపల పసుపు మచ్చలు, నోట్లో పెడితే సబ్బు రుచి. ఇంట్లో ఎవరూ రెండో ముక్క ముట్టలేదు. రుచి ఒక్కటే కాదు, క్షారం ఎక్కువైన పిండిని వేడి చేస్తే గోధుమలోని బి1 విటమిన్‌ కూడా దెబ్బతింటుంది.

అసలు విషయం సోడియం. వంటసోడా రసాయన నామం సోడియం బైకార్బొనేట్‌. ఒక టీస్పూన్‌లో దాదాపు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అది ఉప్పగా అనిపించదు కాబట్టి మనం లెక్కలోకి తీసుకోం. మజ్జిగతో కలిసి నురగగా మారినా సోడియం ఎక్కడికీ పోదు. టీస్పూన్‌ ఉప్పులో సుమారు 2,300 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు మొత్తం 2,000 మిల్లీగ్రాముల కన్నా తక్కువే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ మూడు అంకెలూ గుర్తు పెట్టుకుని కింది కొలతలు చూడండి.

ఇలా చేయండి

మిల్లు పట్టించిన గోధుమ పిండి 250 గ్రాములు, మైదా 200 గ్రాములు, తల కొట్టిన ఒక టీస్పూన్‌ వంటసోడా, ముప్పావు టీస్పూన్‌ ఉప్పు, చిక్కటి పుల్ల మజ్జిగ 400 మిల్లీలీటర్లు. మైదా ఎందుకని అడుగుతారు. పూర్తిగా గోధుమ పిండితోనూ వస్తుంది, కాకపోతే బరువుగా, కాస్త పొడిపొడిగా ఉంటుంది. మొదటిసారి ఈ పాళ్లతో చేసి, అలవాటయ్యాక మైదా తగ్గించుకుంటూ పోవచ్చు. బేకింగ్‌ పౌడర్‌ మాత్రం వద్దు. అందులో పులుపు ముందే కలిసి ఉంటుంది, ఈ లెక్క కుదరదు.

మీగడ చిలికి వెన్న తీసే ఇల్లయితే ఆ మజ్జిగనే ఒక పూట బయట ఉంచి పులవనివ్వండి. లేదంటే 250 గ్రాముల పుల్ల పెరుగులో 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చిలకండి. ప్యాకెట్లో దొరికే మసాలా మజ్జిగ పనికిరాదు, అందులో ఉప్పు ముందే ఉంటుంది.

ఓవెన్‌ను 220 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కనివ్వండి. పిండి, ఉప్పు, సోడా కలిపి జల్లించండి. సోడా ఉండలుంటే వేళ్లతో నలపండి. జల్లెడలో మిగిలిన పొట్టు పారేయకుండా మళ్లీ పిండిలోనే వేయండి. మధ్యలో గుంట చేసి మజ్జిగ దాదాపు అంతా ఒకేసారి పోసి, వేళ్లు విప్పి గుండ్రంగా తిప్పుతూ కలపండి. మన గోధుమ పిండి తడి ఎక్కువ పీలుస్తుంది, పొడిగా అనిపిస్తే ఇంకో 50 మిల్లీలీటర్ల దాకా పోయొచ్చు. పిండి చేతికి అంటుకునేలానే ఉండాలి. చపాతీ పిండిలా మర్దించడం అలవాటైన చేతులకు ఇదే కష్టం. మర్దించారో, రొట్టె రాయి అవుతుంది. దగ్గరకు చేరితే చాలు.

పొడి పిండి చల్లిన ట్రేలో ముద్ద పెట్టి, రెండంగుళాల ఎత్తున గుండ్రంగా సర్ది, కూడిక గుర్తులా లోతైన గాటు పెట్టండి. పావుగంట తర్వాత వేడిని 200 డిగ్రీలకు తగ్గించి ఇంకో 25 నుంచి 30 నిమిషాలు కాల్చండి. తిరగేసి అడుగున వేలితో తడితే డొల్ల చప్పుడు రావాలి. రాకపోతే ఇంకో అయిదు నిమిషాలు. పై పెచ్చు మెత్తగా కావాలనుకుంటే వేడి మీదే పలచటి నూలు గుడ్డ చుట్టండి.

ఓవెన్‌ లేనివాళ్లు ఫార్ల్‌ చేసుకోండి. సగం కొలతలతో పిండి కలిపి, అర అంగుళం మందాన ఒత్తి, నాలుగు ముక్కలు కోసి, నూనె రాయని మందపాటి పెనం మీద చిన్న మంటపై ఒక్కో వైపు ఎనిమిది, పది నిమిషాలు కాల్చాలి. నాకైతే ఓవెన్‌ రొట్టె కన్నా ఇదే నచ్చింది.

ఎవరికి ఎంత?

పూర్తి రొట్టెను 12 ముక్కలు చేశారనుకుందాం. సోడా, ఉప్పు కలిపి రొట్టె మొత్తంలో దాదాపు 3,000 మిల్లీగ్రాముల సోడియం. ముక్కకు 250. రెండు ముక్కలు తింటే రోజు మొత్తానికి ఉండాల్సిన పరిమితిలో నాలుగో వంతు పొద్దున్నే అయిపోయినట్టు. దాని మీద ఉప్పు వెన్న రాసి, పక్కన ఆవకాయ పెట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి మిగిలేది తక్కువే. అధిక రక్తపోటు ఉన్నవాళ్లు రొట్టెలో ఉప్పును పావు టీస్పూన్‌కు తగ్గించుకోవచ్చు. ముక్కకు సోడియం 150 మిల్లీగ్రాములకు దిగుతుంది, మజ్జిగ పులుపు వల్ల చప్పదనం పెద్దగా తెలియదు. సోడాను మాత్రం తగ్గించలేం, రొట్టె పొంగదు. గుండె బలహీనతకో కిడ్నీ జబ్బుకో డాక్టర్‌ ఉప్పు కట్టడి చేసి ఉంటే, వారిని అడగకుండా దీన్ని రోజువారీ తిండి చేసుకోకండి.

మధుమేహం ఉన్నవాళ్లకు లెక్క ఇంకా సులువు. 450 గ్రాముల పిండిని 12తో భాగిస్తే ముక్కకు 37 గ్రాములు పైనే. అంటే ఒక పుల్కా కన్నా ఎక్కువ పిండి. పంచదార లేనంత మాత్రాన రక్తంలో గ్లూకోజు పెరగకుండా ఉండదు. పుల్కాల బదులు తినాలి కానీ పుల్కాలతో పాటు కాదు. గుడ్డో, పప్పో, కూరగాయల సూపో పక్కన ఉంటే మేలు. పీచు కావాలనుకుంటే మైదాలో 50 గ్రాములు తగ్గించి ఓట్స్‌ వేయండి, అక్కడా చాలామంది అలా చేస్తారు.

ఈస్ట్‌ లేదు కదా అని గోధుమ పడనివాళ్లకు, ముఖ్యంగా సీలియాక్‌ జబ్బు ఉన్నవాళ్లకు పెట్టొద్దు. గ్లూటెన్‌ ఇందులో తక్కువేమీ కాదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. పిండి గంటల తరబడి పులిసినప్పుడు గోధుమ పొట్టులోని ఫైటిక్‌ ఆమ్లం కొంత తగ్గి, ఇనుము ఒంటికి బాగా అందుతుంది. సోడా రొట్టెకు పులిసే సమయమే లేదు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలు దీంతో పాటు జామకాయో, కమలాపండో తింటే అందులోని సి విటమిన్‌ ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. టీ మాత్రం ఓ గంట ఆగి తాగాలి. ఐర్లండ్‌ వాళ్లకు ఈ రొట్టె పక్కన టీ ఉండి తీరాలి, మన ఇళ్లలోనూ పొద్దున్నే ఈ సలహా వినేవాళ్లు తక్కువే.

కొవ్వు వేయం కాబట్టి ఇది త్వరగా ఎండిపోతుంది. చేసిన రోజు తింటేనే రుచి. మర్నాడు ముక్కలను పెనం మీద వేడి చేసుకోవచ్చు. ఇద్దరే ఉన్న ఇల్లయితే చల్లారాక ముక్కలు కోసి, డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. కావాల్సినప్పుడు రెండు తీసి నేరుగా పెనం మీద వేసుకుంటే సరిపోతుంది.