మూతి వంకర పోతే పంచదార పెట్టకండి

షుగర్ ఉన్న ఇంట్లో ఏ నలత వచ్చినా నింద ముందు షుగర్ మీదే పడుతుంది. కళ్లు మసకబారినా, కాళ్లు తిమ్మిరెక్కినా, నడకలో తూలినా అదే మాట. చాలాసార్లు అది నిజం కూడా. ప్రమాదమంతా అక్కడే ఉంది. షుగర్ ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. అది మొదలైనప్పుడు కనిపించే లక్షణాలు వాళ్లకు ఎన్నాళ్లుగానో అలవాటైన ఇబ్బందుల్లాగే ఉండి ఇంట్లోవాళ్లను ఏమారుస్తాయి.

అపోహ: షుగర్ డౌన్ అయినట్టుంది, కాస్త పంచదార నోట్లో వేస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: షుగర్ 70 కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ వస్తాయి. మరీ పడిపోతే మాట తడబడుతుంది, కొందరిలో ఒక పక్క చెయ్యీ కాలూ బలహీనపడతాయి. అందుకే పక్షవాతం అనుమానంతో వచ్చినవారికి ఆస్పత్రిలో కూడా ముందు వేలు గుచ్చి షుగర్ చూస్తారు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మీరూ చూడండి, నిమిషం పట్టదు. ఆ నిమిషంలోనే ఇంకొకరు 108కి ఫోన్ చేస్తుండాలి. నవ్వమంటే మూతి ఒక పక్కకు లాగుతోందా, రెండు చేతులూ చాపమంటే ఒకటి కిందికి వాలుతోందా, మాట ముద్దగా వస్తోందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు, ఆగకండి. పక్షవాతం వచ్చిన మనిషికి గుటక సరిగా పడకపోవచ్చు. మనం ప్రేమకొద్దీ పోసే పంచదార నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రాణగండం. మీటరులో షుగర్ తక్కువ చూపించి, మనిషి స్పృహలో ఉండి, గుటక బాగా పడుతుంటేనే తీపి ఇవ్వండి. షుగర్ మామూలుకొచ్చినా మూతి వంకర తగ్గకపోతే కారణం వేరే ఉందన్నమాట.

అపోహ: తిమ్మిర్లు మాకు కొత్తేం కాదు.

వాస్తవం: షుగర్ వల్ల నరాలు దెబ్బతినడం నెలలు, ఏళ్ల మీద జరుగుతుంది. వేళ్ల దగ్గర మొదలై సాధారణంగా రెండు పాదాల్లోనూ పైకి పాకుతుంది. పక్షవాతం ఒక్కసారిగా, ఎక్కువగా ఒక పక్కనే వస్తుంది. రెండు కాళ్ల చెప్పులూ ఎప్పటినుంచో తెలియకుండా జారిపోతుంటే అది నరాల సంగతి. నిన్నటిదాకా బాగున్న ఒక్క కాలికి ఈ పొద్దున చెప్పు నిలవక, అదే పక్క చేతిలోంచి గ్లాసు జారిందంటే 108 పిలవాల్సిందే.

అపోహ: నొప్పేమీ లేదుగా, పడుకుని లేస్తే తగ్గుతుంది.

వాస్తవం: గుండెలో నొప్పి అంటే అర్ధరాత్రైనా ఆటో ఎక్కిస్తాం. పక్షవాతం చాలామందిలో నొప్పి లేకుండానే వస్తుంది కనుక తెల్లారనిద్దాం అనుకుంటాం. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల కణాలు చచ్చిపోతాయని అంచనా. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. పెద్ద నాళంలోని గడ్డను సన్నని గొట్టం పంపి తీసే చికిత్సకు 6 గంటలు, స్కాన్‌లో అనుకూలంగా ఉన్న కొందరికి 24 గంటల వరకూ వీలుంటుంది. ఈ లెక్క మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది. నిద్రలో వచ్చిందంటే పడుకున్న వేళ నుంచే. ఆ టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లండి.

అపోహ: పది నిమిషాల్లో దానంతటదే తగ్గింది, గండం గడిచింది.

వాస్తవం: గడవలేదు. అసలు పక్షవాతం వచ్చే ముప్పు తర్వాతి రెండు రోజుల్లోనే ఎక్కువ. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

అపోహ: దారిలో ఒక ఆస్పిరిన్ వేసేస్తే మంచిది.

వాస్తవం: గుండెపోటుకు చెప్పిన సలహాను ఇక్కడికి తేకండి. మెదడులో గడ్డ కట్టిందో, నాళం చిట్లి రక్తం కారుతోందో బయటికి ఒకేలా కనిపిస్తుంది, స్కాన్ చేస్తేనే తేలుతుంది. చిట్లిన మనిషికి ఆస్పిరిన్ హాని చేస్తుంది.

అపోహ: పసరు మందుకో, పావురం రక్తం పూయించడానికో ముందు తీసుకెళ్దాం.

వాస్తవం: పక్షవాతం వచ్చినవారిలో చాలామంది మొదటి కొన్ని నెలల్లో ఎంతోకొంత కోలుకుంటారు, ఫిజియోథెరపీ తోడైతే ఇంకా మెరుగ్గా. ఆ పేరు పసరుకూ పావురానికీ పోతోంది. ఆ ప్రయాణంలో పోయేది మాత్రం ఇంజెక్షన్ పనిచేసే ఆ నాలుగున్నర గంటలు. ఎవరి నమ్మకాన్నీ కించపరచాలని కాదు, తొలి గంటల్లో దారి ఆస్పత్రికే ఉండాలని నా వేడుకోలు.

అపోహ: నా షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, నాకెందుకు వస్తుంది?

వాస్తవం: పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం బీపీ. షుగర్ అంకె బాగున్నా బీపీ, కొలెస్ట్రాల్, పొగాకు, గుండె లయ తప్పడం తమ పని తాము చేసుకుపోతాయి. షుగర్ పరీక్షకు వెళ్లిన రోజే బీపీ కూడా చూపించుకోండి. చాలామందికి 130/80 లోపు ఉండాలంటారు, మీకెంత ఉండాలో డాక్టరును అడగండి. కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే, షుగర్ బాగుందని దాన్ని మానేయకండి.