కిడ్నీ తిత్తికి సున్నం పడితే: రిపోర్టులో వెతకాల్సిన అంకె

కడుపునొప్పికని తీయించిన స్కానింగ్‌లో నొప్పి సంగతి తేలినా, రిపోర్టు అడుగున ‘కుడి కిడ్నీలో కాల్సిఫైడ్ సిస్ట్’ అన్న మాట కొత్త గుబులు పెడుతుంది. నిజానికి 50 దాటినవారిలో కనీసం నలుగురిలో ఒకరికి కిడ్నీలో నీటితిత్తి ఉంటుంది. ఎప్పుడో లోపల రక్తం చిమ్మో, ఇన్ఫెక్షన్ సోకో మానిన తిత్తి గోడకు సున్నం పట్టవచ్చు. అది రాయి కాదు. కొండపిండి కషాయం తాగినా, పాలు మానేసినా కరగదు.

న్యూయార్క్ రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో ఈ తిత్తులను 4 తరగతులుగా విడదీశారు. తర్వాత మధ్యలో ‘2ఎఫ్’ చేరింది. క్యాన్సర్ అయ్యే అవకాశం 1, 2 తరగతుల్లో దాదాపు లేనట్టే. 2ఎఫ్‌లో నూటికి 5 నుంచి 10, 3లో సుమారు 50, 4లో 90 దాకా. మొదట్లో సున్నం మందంగా ఉంటే 3లో వేసేవారు. 2003లో బోస్నియాకే మరో వైద్యుడితో కలిసి అలాంటి కేసులు తిరగేసి, సున్నానికి అంత ప్రాధాన్యం అక్కర్లేదని తేల్చారు. 2019 సవరణ ప్రకారం సున్నం ఒక్కటే ఉంటే తరగతి 2 దాటదు.

మరి చూడాల్సిందేమిటి? సీటీలో కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు, ఎక్కించాక గోడ సాంద్రత. 12 యూనిట్లు 15 అయితే భయం లేదు. తేడా 20 యూనిట్లు లేదా అంతకు మించి ఉంటే అక్కడ రక్తం పారే కణజాలం ఉన్నట్టు. సున్నం తెల్లగా మెరిసి ఆ మార్పును కప్పేస్తే ఎంఆర్ఐ అడుగుతారు. కాంట్రాస్ట్‌కు ముందు క్రియాటినిన్ చూడటం మామూలే.

2ఎఫ్ అయితే 6 నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా స్కానింగ్, మొత్తం 5 ఏళ్లు. పాత సీడీలు పారేయకండి. పోల్చి చూడ్డానికి కాగితం రిపోర్టు కన్నా అవే పనికొస్తాయి. 3, 4 తరగతులకు ఆపరేషన్ మాట వస్తుంది, వీలైతే కిడ్నీలో ఆ భాగం మటుకే తీస్తారు. 3లో దాదాపు సగం క్యాన్సర్ కానివే కాబట్టి, తిత్తి చిన్నదై మనిషి పెద్దవయసువారైతే తొందరపడకుండా గమనిస్తూ ఉండటమూ సబబే.

ఒక మినహాయింపు ఉంది. గొర్రెల మందలు, కుక్కలు కలిసి తిరిగే ఊళ్లలో హైడాటిడ్ తిత్తి కూడా ఇలాగే సున్నం పట్టి కనిపిస్తుంది. కుక్క పేగుల్లోని బద్దెపురుగు గుడ్లతో వచ్చే జబ్బు ఇది. అరుదుగా కిడ్నీకీ చేరుతుంది. దానికి సూది గుచ్చితే లోపలి ద్రవం కారి ప్రాణాపాయమైన ఎలర్జీ రావచ్చు. గొర్రెల పెంపకం ఉన్న ఇల్లయితే, సూది మాట ఎత్తిన డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి.